పదకొండు తాళంచెవులు

ఓదెలన్నా,
నీ అర్రకు నా అర్రకు నడుమ గోడ ఒక్కటే.
రాత్రి నువ్వు దగ్గితే
నా మిషన్ మీద కుట్టు వంకర పోయేది.
ఇప్పుడు చెవి ఆనిస్తే
ఫ్రిజ్ మూలుగుడు తప్ప ఏం లేదు.

ఇబ్రీ దాటినంక
తారు రోడ్డు అలిగి ఎనక్కి మళ్లినకాడ గుట్ట మొదలు.
గుట్ట మీద ఇరవై ఇండ్లు,
మేకలెన్నో మేకలకే తెల్వాలె.
ఊరి ఫలజ్ ఎండిన ఏడు నువ్వు దిగినవట,
చేతిల మెట్‌పల్లి బట్టల దుకాణం సంచి,
నోట్ల ఒక్క అరబ్బీ ముక్క లేదు.
మొదాలు నేర్చింది మాయ్.
"మన దిక్కు మాయ అంటే లేనిది,
ఇక్కడ మాయ్ అంటే నీళ్లు, గదే తేడా" అని నవ్వేటోనివి.
ఆ ఒక్క మాట మీద ఇరవై రెండేండ్లు బండి నడిపినవు.

నీలం ట్యాంకర్. ఎడమ డోరుకు తాడు.
మూడో మలుపు కాడ రెండుసార్లు హారన్,
ఒకటి శంసా ముసలమ్మకు,
ఒకటి ఆమె మేకలకు.
నీళ్లతోపాటు ఏమేం ఎక్కినయో ఆ బండి:
షుగర్ గోలీలు, గ్యాస్ బండలు,
నేను కుట్టిన పెండ్లి బట్టలు,
ఒకనాడు నొప్పులు వడుతున్న ఆడమనిషి.
ఆమెను ఆస్పత్రిల దించి, సీటు కడిగి,
మళ్ల నింపుకొని పైకి వోయినవు.
ఎందుకింత ఆలస్యమని ఎవడో తిడితే
"ఔ, తప్పే" అన్నవు.
అంతకు మించి ఒక్క మాట చెప్పలే.

నిన్ను దేవున్ని చెయ్య.
ఉల్లిగడ్డలు బదులు దీస్కొని ఏనాడన్న ఇచ్చినవా?
పత్తాలల్ల అన్నీ దొంగాటలు.
ఏసీ ఖరాబైన నాలుగు నెలలు
తడి తువ్వాల కప్పుకొని పండుకుంట
రాజవ్వకు ఫోన్ల "సల్లగున్న" అన్నవు.
గోడ అవతల నేను విన్న.

రంజాన్‌కు ముందటి శుక్రారం.
పొద్దున బండి చప్పుడు రాలే.
బ్యాటరీ కావచ్చు అనుకున్న నేను.
చాయ్ తాగిన గూడ.

పాస్‌పోర్టుల ఓదెలు, బతాకాల ఓడిల్.
ఒక్క అక్షరం సరి చేసెటందుకు పదిహేడు దినాలు.
నీళ్లు మోసినోనివి
అన్ని దినాలు మంచుల పన్నవు.
శంసా ముసలమ్మ గుట్ట దిగొచ్చింది,
నాకు తెలిసి మొదటిసారి.
"వాండ్ల ఊరు ఎటు?" అని అడిగింది.
పొద్దు పొడిచే దిక్కు చూపిన.
అటు తిరిగి జరసేపు నిలవడ్డది.
పెదవులు కదిలినయి. ఏమన్నదో ఇనరాలే.

నీ పెట్టె సదురుతుంటే
పౌడర్ డబ్బల పదకొండు తాళంచెవులు.
ఒక్కోదానికి ఒక్కో రంగు పేలిక,
అన్నీ నా దుకాణంలయే.
బండి తుడుస్తనని అడుక్కపోయినవి!
మస్కట్‌కు పోయినోళ్లు ఇల్లు నీకొదిలి పోయిండ్రు,
ట్యాంకి నింపుమని,
నిమ్మచెట్టుకు ఒక చెంబు పొయ్యుమని.

తిరిగిద్దామని పోయిన.
మొదటింటాయన ఉండనీ అన్నడు.
రెండో ఇంట్ల గూడ ఉండనీ.
మూడో ఇంట్ల ఖర్జూరపండ్లు, గహ్వా పెట్టి
చెవి మాట ఎత్తనే లేదు.
నాలుగో ఇంటికి పోలే.
నాకు బండి నడుపరాదన్నా,
సూదిల దారమెక్కిచ్చుడే వచ్చు.

ఇప్పుడు సోహాగ్ అని సిల్హెట్ పోరడు నడుపుతుండు.
తొవ్వ ఎరుకే, తలుపులు ఎరుక లేదు.
శుక్రారం దుకాణం బంద్ పెట్టి
తాడుగట్టిన డోరు దిక్కు కూసుంటున్న.
ఎర్రపేలిక సులేమాన్ ఇల్లు.
ఆకుపచ్చది నిమ్మచెట్టు వాకిలి,
రెండు వారాలు తప్పు తలుపు గెలికినంక తెలిసింది.

మూడో మలుపు కాడ పోరడు హారన్ కొట్టలే.
మేకలు అప్పటికే వచ్చి నిలవడ్డయి.

పసుపుపేలిక చెవి ఒక్కటి
గుట్ట మీద ఏ తాళానికీ వడలే.
రాజవ్వను అడగాలె,
మెట్‌పల్లిల మీ ఇంటి తాళం ఏ తీరుగుంటదని.
రెండుసార్లు ఫోన్ తీసిన.
బాగున్నవా అని అడిగి పెట్టేసిన.