ఏడో కుర్చీ

టార్టూలో, ఎమయోగి నది గడ్డకట్టే నెలల్లో
నాకొక ఉద్యోగం ఉండేది:
గంటకు అరవై కోపెక్కులకి తప్పు చెప్పడం.

కుర్చీలు ఏడు. జీతగాళ్లం మేం ఆరుగురం.
ఒక అట్ట మీద ఒక గీత,
పక్క అట్ట మీద మూడు.
దీనికి సరిజోడు ఏదో చెప్పాలి, అంతే.
పాలపళ్లు ఊడని పిల్ల కూడా రెండోదాని మీద వేలు పెడుతుంది.
మేం మాత్రం వరసగా, ఆవులిస్తూ,
మూడోది, మూడోది, మూడోది.
ఏడో కుర్చీ మనిషికి ఈ నాటకం తెలీదు.
అతను మింగే గుటక గదంతా వినబడేది.
ఆ తర్వాత, ఎవరో గొంతులోంచి దారం లాగినట్టు:
మూడోది.
కొందరు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
ఒక పోస్ట్‌మాన్ లేచి వెళ్తూ క్షమాపణ చెప్పాడు,
మాకు!

ఒకసారి ఒక పెద్దాయన కుర్చీలోంచి జారిపోయాడు.
ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ఆరో వంతు బాధ్యతతో ఏ మోకాలూ లేవదు.
వరండాలో నేల తుడిచే లిన్నా
ఒంటరిగా ఉండబట్టి పరుగెత్తుకొచ్చింది.
అది ప్రయోగం కాదు గనక
ఎవరూ రాసుకోలేదు.

ప్రొఫెసర్ పిహ్లక్ నోటుపుస్తకంలో రెండే గళ్లు:
పుట్టుక, పెంపకం.
పుడకలతో గానీ పోని బుద్ధి ఇటు,
ఆర్నెల్ల సావాసం అటు,
మధ్యన ఎర్రసిరా గీత.

ఫిబ్రవరిలో హెల్వీ వచ్చింది,
వొరూ దగ్గర పాలకేంద్రం నుంచి,
మోచేతికి అతుకు వేసిన కోటుతో.
మేం మూడోదన్నాం.
ఆమె రెండోదంది.
మళ్లీ. మళ్లీ. పన్నెండు సార్లు.
చివరికి మావైపు తిరిగి, జాలిగా,
"ఈ ఊళ్లో కళ్ల డాక్టరు లేడా?" అంది.

మార్చిలో హిల్యా వచ్చింది. కవల చెల్లెలు,
ప్యార్నులో పిన్ని దగ్గర పెరిగిందట.
అదే ముక్కు, అదే నడక,
ఎడమ కనుబొమ మీద అదే గాటు.
పన్నెండు సార్లూ మాతో కలిసి మూడోదే అంది.
ప్రొఫెసర్‌కి ఆ రాత్రి నిద్ర లేదు.
ఒకే కడుపు, రెండిళ్లు, రెండు జవాబులు!
లెనిన్‌గ్రాద్ సభలో ఆ పత్రానికి చప్పట్లు మోగాయి.
ఇక్కడ మేమూ కొట్టాం.
గాటు కూడా కడుపులోంచే వస్తుందా అని
ఎవరూ అడగలేదు.

పెళ్లయిన మూడో ఏట, ఉల్లిపాయలు తరుగుతూ
హెల్వీ చెప్పింది:
"హిల్యా ఎవరు? నాకు చెల్లెలే లేదు.
కట్టెలకి డబ్బు చాలక రెండోసారి వచ్చాను."
మరి ఆ జవాబులు?
"ఆ రోజు మంచు కరిగి బూట్లలోకి నీళ్లు దిగాయి.
తొందరగా బయటపడాలనిపించింది.
పైగా నువ్వు నావైపు అలా చూశావు, పాపం,
ఈసారికి ఒప్పుకోవూ అన్నట్టు."

ప్రొఫెసర్ గీసిన ఎర్రగీత మీద
నీళ్లోడుతూ ఒక జత బూట్లు!
ఎదుటివాడు తడబడితే వాడి తత్వమే అంత అంటాం,
మనం తడబడిన రోజు మాత్రం
వాన పడుతూ ఉంటుంది.

మూడుసార్లు ఆయన తలుపుదాకా వెళ్లాను,
మూడుసార్లూ టోపీ పట్టుకుని వెనక్కొచ్చాను.
ఆయన పోయిన రోజు స్మశానంలో
తెలిసీ చెప్పనివాళ్లు ఇంకా ఉంటార్లే అని ఊరట పడ్డాను.
తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు మా వంటింటి గుమ్మానికి
మనవరాలు మైరిత్ ఎత్తు గీతలున్నాయి.
కొన్ని పెన్సిలువి, ఒకటి ఎందుకో లిప్‌స్టిక్‌ది.
మొన్న ఆదివారం దాన్ని నిలబెట్టి
సరదాకి అందరం ఒక్క మాటే అన్నాం:
నువ్వేం పెరగలేదు, పాత గీతే నీది.
అది గుమ్మాన్ని చూసింది, మమ్మల్ని చూసింది.
ఒక గుటక.
ఆ చప్పుడు నాకు తెలుసు.

హెల్వీ నవ్వలేదు.
నొప్పి మోకాళ్ల మీదే కూర్చుని
పెన్సిలు దాని చేతికిచ్చింది.
"నీ కంటికి ఎక్కడుందో అక్కడ గియ్యి.
మీ తాత మాట వినకు,
ఆయనకి దానికి జీతం ఇచ్చేవాళ్లు."