వంటగదిలో పాలమొక్కలు

సెయింట్ లూయిస్ ఉత్తరాన మా వీధిలో
మా వరసకి పద్దెనిమిది ఇళ్లుండేవి.
ఇప్పుడు ఐదు.
మిగతాచోట్ల ఆకాశం నేలదాకా దిగి ఉంటుంది.

మొదట మనుషులు వెళ్లారు.
తర్వాత రాగి తీగలు, ఆ తర్వాత కిటికీలు.
చివరికి ఎర్ర ఇటుకలు కూడా
రాత్రిళ్లు లారీలెక్కి వెళ్లి
ఎవరి ఊళ్లోనో కొత్త గోడలయ్యాయట.
నలభై ఒకటి ఇరవై ఏడు నంబరుకి మిగిలినవి మూడు మెట్లు.
ఎక్కితే ఎక్కడికీ చేర్చని మెట్లు.

ఒర్లీన్ టాలివర్ పుట్టింది ఆ ఇంట్లోనే.
డెబ్బై తొమ్మిదేళ్ల మోకాలి మీద చెయ్యి ఆనించి
ఆ మెట్లే ఎక్కుతుంది,
లేని పట్టా మీద బూట్లు రుద్దుకుంటుంది,
గడప లేకపోయినా కాలెత్తి దాటుతుంది.
పక్కనుంచి నడిచొస్తే ఊరుకోదు.
"గోడలోంచి వస్తావేంటయ్యా, తలుపుండగా?"

ఏ మొక్క ఎక్కడో గీద్దామని
మేం గళ్ల కాగితం పరిచాం.
ఆవిడ సున్నం డబ్బా అందుకుంది.
కట్టబోయే ఇంటికి ముగ్గు పోయడం చూశాను గానీ
కూలిన ఇంటికి పోయడం అదే చూడటం.
ఇది హాలు, ఇది నాన్న రేడియో మూల,
ఇది అమ్మ రోజూ పాలు మాడబెట్టే చోటు.
మిర్సాదా, బోస్నియా నుంచి వచ్చినావిడ,
తన ఇంటి సంగతి ఎప్పుడూ ఎత్తదు,
"పొయ్యి ఏ పక్క?" అని మాత్రం అడిగి
సరిగ్గా అక్కడ పార దించింది.
ఖంగుమంది. ఇటుక ముక్క.
నాలుగు ట్రక్కుల మంచిమట్టి పోశాకే
మొదటి మొక్క నిలబడింది.

వంటగదిలో పాలమొక్కలు.
హాల్లో బ్లూస్టెమ్ గడ్డి, చలి ముదిరితే రాగిరంగు.
రేడియో మూలన దిక్సూచి మొక్క,
ఆకులు ఉత్తరదక్షిణాలకు తిప్పుకుని నిలబడేది.
ఒక్క గది మాత్రం ఖాళీగా వదలమంది.
ఎవరిదని అడగలేదు మేం.

రెండేళ్లకి కూడా దిక్సూచి జానెడే.
పదకొండేళ్ల కీషాన్ ఓపిక పట్టలేక
ఎవరూ లేనప్పుడు ఒకటి తవ్వి చూశాడు.
చెయ్యి భుజందాకా గోతిలోకి పోయింది,
వేరు ఇంకా కిందికే పోతోంది.
భయమేసి పూడ్చేశాడు.
వారం దాకా నీళ్లు మోశాడు, ఎందుకో చెప్పకుండా.

మూడో వేసవిలో మెట్లకు నోటీసు అంటించారు.
పిచ్చిమొక్కలు. ఏడంగుళాలు మించినవి. పది రోజులు గడువు.
ఒర్లీన్ కళ్లజోడు సర్దుకుని చదివింది.
"ఈ నేలకి మనకంటే ముందొచ్చినవి పిచ్చివైతే
మన వరస ఏమిటో మరి."
ఫోన్లు చేశాం. పాటలు వినిపించి పెట్టేశారు.
మంగళవారం కోతబండి వచ్చింది.
పావుగంట. హాలూ, వంటగదీ, రేడియో మూలా
ఒకటే చదును.

మెట్ల మీద కూచుంది ఒర్లీన్.
చెయ్యంతా తెగిన కాడల పాలు, జిగట.
"కూలడం ఇది రెండోసారి," అంది,
"ఈసారి పునాది వదిలేశారు, వెధవలు."
ఎవరో నవ్వారు. మిర్సాదా అనుకుంటాను.

నాలుగో ఏడు జూలైలో
రేడియో మూలన నాలుగు నిలువుల పసుపు.
కోతబండి మళ్లీ వచ్చింది, అదే మనిషి,
చేతిలో అదే రకం కాగితం.
ఇంజను ఆపాడు. చాలాసేపు అలాగే కూచున్నాడు.
దిగి, టోపీ తీసి, పక్కనుంచి రాబోయి ఆగాడు.
"తలుపెటు?"

ఖాళీ గదిలో ఈ ఏడు ఏదో మొలిచింది.
మేం నాటింది కాదు. బూడిదరంగు ఆకు,
పువ్వు ఇంకా లేదు.
కీషాన్ పేరు వెతుకుతానని పుస్తకం పట్టుకొచ్చాడు.
ఒర్లీన్ ఆ పుస్తకం మూసి తన ఒళ్లో పెట్టుకుంది.
"ఉండనీరా. వచ్చిందిగా."