ఎనభై ఏడో వంతు

మా అమలాపురానికి రైలు లేదు.
మా ఇంట్లో ఉంది.

ముందు గదిలో పళ్ళ సెట్లు చేస్తాను,
వెనక గదిలో రైలు పెట్టెలు.
దవడ అచ్చుకి వాడే మైనంతోనే
ఇంజన్ పొగగొట్టం మలిచాను.
పంటి గార గీకే సూదితో
రేకు వెనకనుంచి రివెట్లు పొడిచాను,
నూట నలభై రెండు.
ఒకటి వంకరపోయింది.
అది ఎవరికీ కనపడదు,
నాకు అదొక్కటే కనపడుతుంది.

స్లీపర్లు కొబ్బరి ఈనెలు.
టెండర్లో బొగ్గు, చిప్ప కాల్చి దంచి
టీ వడపోసే జల్లెడలో జల్లించింది.
ఆ జల్లెడ ఏమైందని
మా సుభాషిణి ఇప్పటికీ అడుగుతుంది.

కొలతల కోసం నిడదవోలు వెళ్ళాను,
దర్జీ టేపు జేబులో వేసుకుని.
గూడ్సు పెట్టె పొడవు కొలుస్తుంటే
కానిస్టేబులొచ్చి, ఏం పని ఇక్కడ, అన్నాడు.
ఇలాంటిదే చిన్నది చేద్దామనండి, అన్నాను.
కాసేపు నన్ను చూశాడు,
కాసేపు పెట్టెను చూశాడు,
వంగి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

కొత్త రంగు వెయ్యడం ఎవరికైనా వస్తుంది.
పాత రంగు వెయ్యడమే పని.
తుప్పు రంగు ఆరకముందే ఉప్పు చల్లి
ఆరాక పైన ఎర్రమట్టి రంగు కొట్టి
తడి కుంచెతో ఆ ఉప్పు రాల్చేస్తే
ముప్పై వానాకాలాలు
ఒక్క మధ్యాహ్నంలో కురిసి వెలుస్తాయి.
తలుపు కింద నూక జారిన చార,
గొళ్ళెం దగ్గర చేతులు పడి నలుపెక్కిన చోటు,
ఎవరో సుద్దతో రాసి
సగం చెరిపేసిన అంకె.
చెరిపేసిన సగం రాయడానికే
రాత్రి రెండయింది.

ఒక ఆదివారం లెక్క వేశాను.
మనిషి, వేలి కణుపంత.
కొబ్బరి చెట్టు, జానెడు.
స్టేషను, చెప్పుల పెట్టెలో సగం.
అన్నీ బుద్ధిగా బల్ల మీద సర్దుకున్నాయి.
తర్వాత గౌతమిని ఎనభై ఏడుతో భాగించాను.
బల్ల దాటింది. గుమ్మం దాటింది.
వీధి దాటి
సైకిలు షాపు అబ్బులు మెట్ల దాకా పోయింది.
బయటా అంతే, ఇంట్లోనూ అంతే:
పట్టాలు గట్టు దాకా వచ్చి
నీళ్ళను చూసి ఆగిపోతాయి.

కింది పళ్ళ సెట్టుకి వచ్చాడు సంగాని ధర్మారావు,
కోటిపల్లి రేవులో పంటు నడుపుతాడు.
నోట్లో అచ్చు ముద్ద ఉండగా మాట్లాడకూడదు.
వెనక గది తలుపు తీసి ఉంది.
మాట్లాడాడు.
"వంతెనేదండీ?"
ముద్ద పాడైంది. మళ్ళీ కలుపుతూ చెప్పాను,
నది పట్టలేదని.
"ఆయ్, మంచిదే గదండీ,
వంతెనొస్తే నా పంటేటవ్వాలి?"
బోసినోటితో నవ్వి, అంతలోనే ఆలోచించి
"పోనీ ఓ పంటు కట్టండి.
ట్రిప్పుకో పెట్టె. దాటించేద్దాం."

రెండు నావలు చెక్కాను, అడ్డంగా పలక వేశాను,
పలక మీద జానెడు పట్టా.
ఇంజన్ ఎక్కితే ఒక పక్కకి ఒరిగింది.
అడుగున సీసం పోస్తే నిలబడింది.

సెట్టు సరిచూసుకోవడానికొచ్చినప్పుడు
అగ్గిపెట్టె తెచ్చాడు ధర్మారావు.
అందులో అతని పంటు అంచునుంచి గీకిన
గోరంత ఆకుపచ్చ పెచ్చు.
"ఇదీ దాని రంగు. ఇంకోటి వెయ్యకండేం."

అచ్చం అదే కలిపితే తప్పు.
చిన్న వస్తువుకి రంగు కొంచెం వెలవెలబోవాలి,
దానికీ కంటికీ మధ్య ఉండాల్సిన గాలిని
రంగులోనే కలపాలి.
సీసా మూతలో ఆకుపచ్చ, పుల్ల కొసన తెలుపు.
ఒక చుక్క, రేవు మెట్ల మీంచి చూస్తే.
రెండు చుక్కలు, ముక్తేశ్వరం ఒడ్డునుంచి చూస్తే.
మూడోది వెయ్యబోతుంటే
కొత్త పళ్ళతో మాట తడబడుతూ
నా మణికట్టు పట్టుకున్నాడు:

"చాలండి.
అంత దూరమైతే
నేను కనపడను."