అనుకుందాం

సిరొంచ జిల్లాపరిషత్ బడి, సెలవుల్లో పెట్టిన క్లాసు.
నల్లబల్ల మీద మరాఠీలో రాస్తాను, తెలుగులో చెబుతాను.
ఇక్కడి పిల్లలకు చెయ్యి ఒక రాష్ట్రం, చెవి ఇంకో రాష్ట్రం.

ఆదర్శ వాయువు, అన్నాను.
కణానికి ఒళ్ళు లేదు అనుకుందాం.
ఉన్నా, డబ్బాలో చోటు అడిగేంత లేదు.
ఒకదానికొకటి ఏమీ కావు,
చుట్టరికం లేదు, పాలిపగ లేదు.
గుద్దుకుంటాయి. ఎవరికీ నొప్పి మిగలదు.
పుస్తకంలో దాని పేరు స్థితిస్థాపక అభిఘాతం.

వెనక బెంచీ నుంచి దుర్గం సత్తెక్క:
"ఒళ్లే లేనిది గోడకెట్ల తగుల్తది సార్?"
సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.
"అనుకుందాం అన్న గదా."

మంచి మాటే అది.
పది వదిలేసి ఒక్కటి పట్టుకోవడానికి
మనిషి చెక్కుకున్న పనిముట్టు.
ఒత్తిడి, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత,
ఒక్క గీతలో గాలంతా ఇమిడిపోతుంది, దాదాపుగా.
ఆ దాదాపు దగ్గరే నా ఉద్యోగం.

మధ్యాహ్నం నలభై ఆరు డిగ్రీలు.
పంక్చరు దుకాణం లసుమయ్య
అడక్కుండానే నా వెనక చక్రంలో గాలి కొంత తీసేశాడు.
"ఎండకు ఉబ్బుతది సారూ, వంతెన నడుమల పేల్తది."
నా మూడు అక్షరాలూ ఆయనకు ఒక్క బొటనవేలు.
బుస్సుమని పోయిన గాలి
అంత ఎండలోనూ వేలికి చల్లగా తగిలింది.

డిసెంబరులో ఇదే ప్రాణహిత మీద
పొగమంచు మోకాళ్ళ ఎత్తున నిలబడుతుంది.
తొలి అహేరి బస్సులో
మాడవి వాళ్ళ ఊపిరి, మా ఊపిరి, కండక్టరు బీడీ ఊపిరి
అద్దం మీద కలిసి కారుతాయి.
చల్లబడగానే, నెమ్మదించగానే
ఇన్నాళ్ళూ ఏమీ కానివి
పక్కదాన్ని పట్టుకుని బొట్టవుతాయి.
నమూనా తప్పేది అక్కడ.
వేడిగా, ఎడంగా, తొందరలో ఉన్నంతసేపే
ఒకరికొకరం ఏమీ కాము.

ఈ సంగతి క్లాసులో చెప్పలేదు. సిలబస్ అక్కడిదాకా పోదు.

రాత్రి కరెంటు పోయింది. సెల్లు వెలుగులో నోటుపుస్తకాలు.
సత్తెక్క అయిదు ఊహలూ వరసగా మరాఠీలో రాసి
అడుగున తెలుగులో, వంకర అక్షరాలతో:
"ఇవన్ని అబద్దాలే. గని లెక్క వచ్చింది."

దానికి మార్కులెన్ని వెయ్యాలో
రేపు గాలి కొట్టించుకునేటప్పుడు
లసుమయ్యను అడుగుతాను.