నొక్కు

బెజవాడ ఆటోనగర్, రెండో అడ్డరోడ్డు.
కరెంటొచ్చింది. మీరావలి మేస్త్రి కేకేశాడు:

పెయింటు గీకు, కింద పుట్టీ గీకు,
ఇనుము తెల్లగా కనపడేదాకా.
రంగు మీద పిన్ను నిలవదురా.
ఎర్తు క్లాంపు దగ్గర్లోనే కరిపించు.

రాగి పూత పిన్ను గన్ను నోట్లో పెట్టి
రేకుకి నిటారుగా ఆనించు. ఒరగనీకు.
ట్రిగ్గరు నొక్కి, చుర్‌మనగానే వదిలెయ్.
రెప్పపాటు ఎక్కువైతే చిల్లు,
తక్కువైతే పిన్ను ఊడి చేతికొస్తుంది.
గన్ను మాత్రం అప్పుడే తియ్యకు, ఆరనీ.

ఇక జారుడు సుత్తి తగిలించి
టక్... టక్... మెల్లిగా
అంచుల్నించి లోపలికి రా.
దెబ్బ మొదట పడిన చోటు ఆఖర్న లేస్తుంది.

రేకుల్ని వెనకనుంచి కొట్టీ కొట్టీ
ముప్పయ్యేళ్లకి ఆయన కుడిచెవి పోయింది.
పిన్ను పట్టిందో లేదో
వేలితో మీటి చూస్తాడు, వినడు.

గోడ తగిలిందన్నాడు ఓనరు.
తలుపు మీద సొట్ట లేచేకొద్దీ
మధ్యలో మిగిలింది
సైకిలు హ్యాండిలు కొసంత గుండ్రటి గుంట.
మేస్త్రి దాని మీద వేలు పెట్టాడు.
నావైపు చూశాడు.

పిన్నులు తుంచి గ్రైండరు పెట్టమన్నాడు.
ఈసారి కేకెయ్యలేదు.