మూడు నిమిషాల ఖాళీ

బిష్కెక్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీ అవతల మంచు. ఇవతల నేను
నాలుగు వరుసల నియమం రాస్తున్నాను:
ఒక కంప్యూటరులో ఒకరు లోపల ఉండగా
ఇంకొకరికి తలుపు తీయకూడదు.

చలికాలం బొగ్గు కూపన్ల వెబ్‌సైటు మాది.
ఓష్ బజారులో ఎవడో దళారి
ఒకే కుర్చీలో, ఒకే ఉదయం
అరవై ఒక్కమంది ముసలివాళ్ళయ్యాడు.
పాస్‌వర్డులు అరవై ఒకటి, వేళ్ళు మాత్రం పదే.
వాళ్ళలో ఇద్దరు
పోయిన ఏడు మట్టిలోకి వెళ్ళినవాళ్ళు,
వాళ్ళూ బొగ్గు అడిగారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.
రాసేశాను. రెండో బ్రౌజరు తెరిచి చూస్తే
ఎర్ర అక్షరాలు:
"ఈ కంప్యూటరులో వేరొకరు ఉన్నారు."
ముచ్చటేసింది. టీ తాగాను.

సోమవారం అట్-బాషీ నుంచి ఫోను.
లైబ్రేరియన్ బురుల్చా. గొంతులో పొయ్యి పొగ.
"అమ్మాయ్, లోపల ఎవరో ఉన్నారంటోంది మీ సైటు.
ఇక్కడ నేనున్నాను,
నా వెనక గుమ్మం దాకా వరుస ఉంది.
లోపలున్నాడంటున్న టొలోగోన్ తాత
పనైపోయిందని లేచి గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.
వెనక్కి పిలవనా,
బయటికి వెళ్ళమని చెప్పడానికి?"

సెషన్ అన్నాను. కుకీ అన్నాను.
నలభై నిమిషాలాగితే దానంతటదే పోతుందన్నాను.
"మాకు కంప్యూటరు ఒకటే," అంది,
"కెటిలూ ఒకటే.
టీ కావాలంటే ఎవరి కెటిలు వాళ్ళు తెచ్చుకోమననా?"
కాసేపాగి, మెల్లగా:
"కాసిమ్‌కీ సైరకాన్‌కీ కలిపి కళ్ళజోడు కూడా ఒకటే.
ఆయన చదివి చెబితే ఆమె మీటలు నొక్కుతుంది.
మీ లెక్కలో ఇప్పుడు కూర్చున్నది ఎవరు?"

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళు
వేరే ఎవరో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

నియమాన్ని చెరపలేదు. దళారి ఇంకా ఉన్నాడు.
నిజానికి వారం తిరక్కుండానే
ఐదు కంప్యూటర్లు కొని ఐదుగురు కుర్రాళ్ళను కూర్చోబెట్టాడు,
అది వేరే ఏడుపు.
నేను చేసిందల్లా
మూలన చీమలా నక్కిన "లాగౌట్" తీసేసి
అరచేయంత మీట పెట్టడం.
దాని మీద ఏం రాయాలో బురుల్చానే అడిగాను.
"నేను లేచాను, మీరు కూర్చోండి"
అని రాయమంది.

ఇప్పుడు పనిలేకపోయినా
పొద్దున్నే లాగ్ ఫైలు తెరుస్తాను.
అట్-బాషీ, లైబ్రరీ.
పదీ పద్నాలుగుకి ఒకరు లేచారు,
పదీ పద్నాలుగుకే ఇంకొకరు కూర్చున్నారు.
కుర్చీ చల్లారే తీరిక లేదు.

ఒక్కచోట మాత్రం,
కాసిమ్ లేచాక, సైరకాన్ కూర్చునేలోపు,
మూడు నిమిషాలు లోపల ఎవరూ లేరు.

శాలువా అంచుతో తుడుచుకుని,
ఒక చెవి తర్వాత ఇంకో చెవి వదిలించుకుని
కళ్ళజోడు
ఒక ముక్కు మీంచి ఇంకో ముక్కు మీదికి
బయల్దేరి ఉంటుంది.