గుడ్డు పెట్టిన ఎత్తు

సెప్టెంబరు చివర, షెడ్డులో
మంచు తోసే బండి వైపరు మీద ఉందది.
ఆరు నెలలుగా పనిలేని వైపరు.
నా చూపుడు వేలికంటే పొడుగు, ఆకుపచ్చ,
ముందుకాళ్లు ముడుచుకుని
ఒళ్లు కదపకుండా
తల ఒక్కటే తిప్పి నన్ను చూసింది.

యాభై ఎనిమిదేళ్లొచ్చాయి,
బొద్దింకని చంపడమే తప్ప
పురుగుని పెంచడం ఎరగను.
ముల్లంగి ఊరగాయ డబ్బా కడిగి
మూతకి మేకుతో పదకొండు చిల్లులు పెట్టి
గొల్లభామని ఇంటికి తెచ్చాను.

పక్కింటి కొతొహకి తొమ్మిదేళ్లు.
డబ్బా చూసి పెద్ద డాక్టరులా పెదవి విరిచింది.
"మొరోహాషి తాతా, ఇందులో అది ఎక్కడ వేలాడుతుంది?
పైన గరుకుగా ఉండాలి.
నీళ్లు గిన్నెలో పోయకు, చిలకరించు,
ఆకు మీది బొట్టే తాగుతుంది.
చచ్చినదాన్ని ముట్టదు. కదిలితేనే దానికి కూడు."
అప్పుడే తాతనయ్యానా అని అడగబోయి
బుద్ధిగా అన్నీ రాసుకున్నాను.

"బయట పట్టినదాని కడుపులో ఎవరున్నారో తెలీదు" అంది.
నా టీ కప్పులోనే నీళ్లు పోసి
దాని పొట్ట చివర ముంచి పట్టుకుంది.
గుర్రపు వెంట్రుకలాంటి పురుగు లోపలుంటే
నీళ్లు తగలగానే బయటికొస్తుందట.
నూరు దాకా లెక్కపెట్టాం.
ఏమీ రాలేదు.
వేడినీళ్లతో మూడుసార్లు తోమాను గానీ
ఆ కప్పు ఇంకా అల్మారాలోనే ఉంది.

మూడు రోజులు అది ఏమీ తినలేదు, నాకూ సరిగా సహించలేదు.
రాత్రిళ్లు టార్చి పట్టుకుని
కోసిన వరి మళ్ల గట్టు మీద
మోకాళ్లు పట్టేసేదాకా ఇలకోళ్ల వెంట పడ్డాను.
నాలుగో రాత్రి, పట్టకారు చివరి నుంచి
ఎప్పుడు లాక్కుందో కనబడనే లేదు.
వినబడింది మాత్రం.
నూకలు నమిలినట్టు, తాపీగా.
పగలు లేత ఆకుపచ్చగా ఉండే కళ్లు
చీకటికి నల్లబడ్డాయి.
డిసెంబరొస్తే నేనూ రాత్రి రెండింటికి లేచేవాణ్నే.

అక్టోబరులో ఒక పొద్దున
మూతకి లోపల నురగ, మధ్యాహ్నానికి గట్టిపడింది.
మగదాన్ని నేను చూపించనే లేదు,
అన్నీ చూసుకునే వచ్చింది మహాతల్లి.

మా నీగాతలో పాతవాళ్ల మాట ఒకటుంది:
గొల్లభామ ఎంత ఎత్తున గుడ్డు పెడితే
ఆ ఏడు అంత మంచు.
మా సూపర్‌వైజరు నవ్వుతాడు,
నవ్వి, ఏటా అడుగుతాడు.

డబ్బా ఫ్రిజ్జు మీద ఉంది.
కొతొహ స్టూలెక్కి టేపు పట్టింది.
నూట డెబ్బైనాలుగు.
"మునిగిపోతాం" అన్నాను.
"ఎత్తు అది చూసుకోలేదుగా,
నువ్వు పెట్టినచోట పెట్టింది."

నవంబరులో పాదాలకి పట్టు తప్పింది.
పడేది, ఎక్కేది, పడేది.
పుల్ల చివర తేనె అద్ది నోటి దగ్గర పెడితే
రెండు పూటలు నాకింది.
మూడో పూట నాకలేదు.

గూడుని ఇంట్లో ఉంచకూడదట.
హీటరు వెచ్చదనానికి వసంతమనుకుని
జనవరిలోనే రెండొందల పిల్లలు దిగుతాయి,
బయట ఒక్క దోమైనా ఉండదు.

మూత కత్తిరించి, దారం తీసుకుని
వాకిట్లో మల్బరీ చెట్టు ముందు నిలబడ్డాను.
మంచు ఎక్కువ పడితే నాకు ఓవర్‌టైం.
మంచు ఎక్కువ పడే, పోయినేడు
కప్పు మీద పార పట్టుకున్న సెకిగుచి
పారతో సహా కిందికొచ్చాడు.
గూడుని మోకాలి దగ్గర పెట్టి చూశాను.
మరీ సిగ్గులేనితనం.
గుండెల ఎత్తున కట్టాను.
రెండు ముళ్లు వేసి, విప్పి,
జానెడు కిందికి దించాను.

కొతొహ టేపు తెరిచి, పెన్సిలు నోట్లోంచి తీసి
"ఎవరు పెట్టారని రాయను?" అంది.

అదే పెట్టిందని రాయమన్నాను.